వదిన అడిగిన పాఠం

మా కలో వదిన ఏదైనా అడిగితే నేను కాదనకూడదు. నేనే కాదు, మా అన్నదమ్ములు, ఆఖరికి మా నాన్న కూడా కాదనకూడదు. ఆవిడ మా మేనత్త కూతురు. మా దీవుల్లో మేనత్త, ఆ మేనత్త పిల్లలు మనకంటే ఒక మెట్టు పైనే పుడతారు. ఫాహు అంటాం వాళ్లను. పెళ్లయినా చావయినా ఫాహు వచ్చి ముందు చాప మీద కూర్చుంటుంది. ఇంట్లో ఉన్నదాంట్లో మంచిదేదో తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టాలి. పెట్టేటప్పుడు ముఖం మాడ్చుకోకూడదు. అదీ అసలు కష్టం.

చర్చికి వెళ్లేటప్పుడు మాలో అందరం బట్టల మీద నడుముకి చాప చుట్టుకుంటాం. చిన్నప్పుడు మా అమ్మ నాకోసం అలాంటి చాప ఒకటి అల్లింది. పట్టులా ఉండేది. ఆ ఆదివారం చర్చికి చుట్టుకుని వెళ్తే కలో వదిన అంచు పట్టుకుని చూసి, "ఎంత బాగుందే మరదలా!" అంది. అంతే. తర్వాతి ఆదివారానికి అది ఆవిడ నడుముకి ఉంది. నేను పాత చాప చుట్టుకుని వెనక వరసలో నిలబడి దేవుడి పాట పాడాను. ఏం పాడానో ఆ దేవుడికే తెలియాలి. చర్చి పండక్కి డాన్సు కట్టినప్పుడు నడిమి స్థానం ఆవిడదే. నేనే బాగా ఆడతానని అందరికీ తెలుసు, ఆవిడకి కూడా తెలుసు. అయినా నడుమ నిలబడేది ఆవిడ, పక్కన నిలబడి చేతులు తిప్పేది నేను.

పెద్దయ్యాక వదిలిపోతుందా అంటే, లేదు. మా దీవికి ఉన్నది ఒకే ఒక బడి. ఆవిడ మూడో తరగతి టీచరు, నేను నాలుగో తరగతి టీచరు. రెండు గదులకీ మధ్య ఒక పలచటి చెక్క గోడ.

దేవుడు ఆవిడకు ఇవ్వనిది ఒక్కటే, పిల్లలు. నాకు ఇచ్చింది ఒక్కటే, లూపె.

మాలో బంధువుల పిల్లల్ని అడిగి పెంచుకోవడం వింతేమీ కాదు. అడిగేది ఫాహు అయితే ఇక చెప్పేదేముంది! లూపె పుట్టిన దగ్గర్నుంచీ వదిన నవ్వుతూ అంటూనే ఉంది, "ఈ పిల్లని నాకిచ్చెయ్యవే మరదలా" అని. నేనూ నవ్వేస్తాను. నవ్వుతూనే పిల్లని ఎత్తుకుని లోపలికి వెళ్లిపోతాను. ఆవిడ నవ్వకుండా అడిగే రోజు ఒకటి వస్తుందేమోనని ఎనిమిదేళ్లుగా నా గుండెల్లో గుబులు.

నా మొగుడు చేపల పడవ మీద నెలలో సగం సముద్రంలోనే ఉంటాడు. ఆయనకి చెప్తే, "అడిగినప్పుడు చూద్దాంలే" అంటాడు. ఆయనకేం, చేపలు ఎవరూ అడిగి పట్టుకెళ్లరు.

ఈ ఏడాది వర్షాలు వెళ్లాక రాజధాని నుకుఆలోఫాలో టీచర్లకి ఒక శిక్షణ పెట్టారు. ఆటా పాటా బొమ్మా కలిపి చిన్న తరగతులకి లెక్కలూ సైన్సూ ఎలా చెప్పాలో నేర్పుతారట. మా బడికి ఒక్కరికే చోటు. హెడ్‌మాస్టారు ఇసిలేలి గారు నా వంకా వదిన వంకా చూసి, తల గోక్కుని, "కలో గారూ, మీరు..." అన్నారు. ఇంకెవర్ని అంటారు! బడిలో డాన్సు కట్టేది నేను, గోడల మీద బొమ్మలు వేసింది నేను. పెట్టె సర్దుకుని పడవెక్కింది ఆవిడ.

తిరిగొచ్చిన మర్నాటి నుంచి మూడో తరగతి గది తిరునాళ్లయిపోయింది. ఏడో ఎక్కానికి డాన్సు. ఏడుకి అడుగు, పద్నాలుగుకి మణికట్టు, ఇరవయ్యొకటికి మెడ పక్కకి వాల్చడం. డ్రమ్ము, చప్పట్లు, కేకలు. నా పిల్లలు చెవులన్నీ ఆ గోడకి అప్పగించి నా ముందు ఉత్త ముఖాలు పెట్టుకుని కూర్చునేవాళ్లు. నేను బల్ల మీద స్కేలుతో కొట్టి, "ఇటు చూడండి" అంటే చూసేవాళ్లు. చూపు ఇటు, మనసు అటు. నాకు ఒళ్లు మండిపోయేది.

లూపె వదిన క్లాసులోనే. ఇంటికొచ్చి చేమదుంప నముల్తూ కూడా మణికట్లు తిప్పుతుంది. ఒక సాయంత్రం కంచం ముందు కూర్చుని అడిగింది:

"అమ్మా, నీ క్లాసులో ఎవరూ నవ్వరెందుకు?"

"చదువుకోడానికొస్తారు, నవ్వడానికి కాదు."

"మరి మా క్లాసులో రెండూ చేస్తాంగా?" కాసేపాగి మళ్లీ అంది, "అమ్మా, వచ్చే ఏడు నీ క్లాసుకి రావాలా? నేను మళ్లీ మూడే చదువుతా. కలో అత్త దగ్గరే ఉంటా."

ఫెయిలవడానికైనా సిద్ధపడింది గానీ నా క్లాసుకి రానంది నా కూతురు! వదిన నవ్వకుండా అడిగే రోజుదాకా ఎందుకు, పిల్లే మూట కట్టుకుని వెళ్లిపోయేలా ఉంది.

అందుకని నేనూ మొదలుపెట్టాను. పిల్లల చదువు బాగుపడాలనీ, కొత్త పద్ధతులు నేర్చుకోవాలనీ అని చెప్పను, అబద్ధమెందుకు. లూపె ఒక్కసారి నా క్లాసు కిటికీలోంచి తొంగి చూడాలి. వదినని చూసినట్టు కళ్లింతవి చేసుకుని నన్ను చూడాలి. నాకు కావాల్సింది అంతే.

మొదట భాగహారానికి డాన్సు కట్టాను. డాన్సు నాకు కొత్తా! వారం తిరక్కుండా నా పిల్లలు అద్భుతంగా ఆడారు. హెడ్‌మాస్టారు గుమ్మంలో నిలబడి చివరిదాకా చూసి, "భలే ఉందమ్మా లెసియెలీ," అని, ముందు వరసలో పిల్లవాణ్ని పిలిచి, "ముప్పై ఆరుని తొమ్మిదితో భాగిస్తే ఎంతరా?" అని అడిగారు. వాడు నడుం తిప్పి చూపించాడు. "డాన్సు సరే, లెక్క ఎక్కడుందమ్మా?" అన్నారాయన. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత బొమ్మలు. వాన ఎలా పుడుతుందో పెద్ద కాగితం మీద వేయిద్దామని, కాగితాలు అతికించడానికి కర్రపెండలం జిగురు కుండెడు కాచి వరండాలో పెట్టాను. పిల్లలు మబ్బులు వేయడం మాని ఒకరి ముఖాలకి ఒకరు నీలం రంగు పూసుకున్నారు. వాళ్లని కడిగించి వచ్చేసరికి పక్కింటి పంది వచ్చి జిగురంతా నాకేసి, వేసి ఎండబెట్టిన సముద్రం బొమ్మ మీద నడిచి వెళ్లిపోయింది. కాగితం నిండా దాని కాళ్ల గుర్తులే.

మధ్యాహ్నం టీచర్లందరం భోజనాలకి కూర్చున్నప్పుడు వదిన ఊరుకుంటుందా!

"ఏమే మరదలా, పంది పాసయ్యిందా?"

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, ఫాహు జోకు కదా. కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు కూర నాకిష్టం, ఆ రోజు మట్టి తిన్నట్టుంది.

"ఉడుక్కోకే," అంది వదిన నా కంచంలో ఇంకో దుంప ముక్క వేస్తూ. "రేపు నా క్లాసుకొచ్చి వెనక కూర్చో. నేర్పిస్తాలే."

అడిగితే కాదనకూడదు, పిలిచినా కాదనకూడదు. వెళ్లాను. మోకాళ్లు గడ్డానికి తగిలే బుజ్జి కుర్చీలో, వెనక వరసలో కూర్చున్నాను. తప్పులు ఏరదామని కళ్లల్లో వత్తులేసుకుని చూశాను. ఏం చెప్పమంటారు, ఆవిడ బాగా చెప్తోంది. అదే నా కడుపు మంట. అధ్వానంగా చెప్తే ఎంత హాయిగా ఉండేది! పిల్లలు ఆడుతుంటే మధ్యలో చెయ్యెత్తి ఆపేస్తుంది. "ఇప్పుడు మెడ ఎందుకు వాల్చాం?" అంటుంది. "మూడోసారి ఏడు వచ్చింది కాబట్టి!" అంటారు. అడుగు తీసేస్తే లెక్క పోతుంది, లెక్క తీసేస్తే అడుగు పోతుంది. నేను చేసింది అది కాదు. నేను లెక్కకి పూలదండ వేశానంతే. దండ బాగుంది, లోపల మనిషి లేడు.

లూపె సరిగ్గా చెప్పినప్పుడల్లా వదిన దాని నెత్తి నిమిరింది. అది వెనక్కి తిరిగి నన్ను ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ శనివారం మా అమ్మ పెరట్లో చెట్టు బెరడు సాగగొట్టి నారబట్ట చేస్తోంది. పక్కింటి వాయిమోఆన పిన్ని ఎదురుగా కూర్చుంది. ఇద్దరి మధ్యా పొడుగాటి దుంగ, దాని మీద నానబెట్టిన బెరడు, చేతుల్లో గూటాలు. పుట్టినప్పట్నుంచీ వింటున్న చప్పుడే. వంటింట్లో దుంపలు చెక్కుతూ వింటున్నాను. ఇద్దరి దెబ్బలూ ఒకే వేగం. కానీ ఉండుండి ఒకరి దెబ్బ గట్టిగా పడుతోంది, ఇంకోసారి ఇంకొకరిది. అలా విడివిడిగా పోయిపోయి, ఒకచోట రెండూ కలిసి ధన్‌మని పడ్డాయి. మళ్లీ విడిపోయాయి. మళ్లీ ధన్‌.

కత్తి పట్టుకునే పెరట్లోకి పరిగెత్తాను.

"అమ్మా, అదెలా కొడుతున్నారు?"

"ఎలా ఏముందే! నాకు మూడుకోసారి గట్టిగా కొట్టడం అలవాటు, పిన్నికి నాలుక్కోసారి. ఎక్కడో కలుస్తాం, మళ్లీ విడిపోతాం. ముందా కత్తి దించు, భయమేస్తోంది."

పన్నెండు! మూడూ నాలుగూ కలిసేది పన్నెండు దగ్గర. ఈ లెక్కని నేను ఏటా నల్లబల్ల మీద రాసి, ఏటా పిల్లల ముఖాల్లో ఏమీ కనబడక స్కేలు విరగ్గొట్టుకుంటున్నాను. అది నా పెరట్లోనే మోగుతోంది.

సోమవారం బడి ఆవరణలో పనస చెట్టు కింద దుంగ దొర్లించాను. పిల్లలు ఇళ్ల నుంచి గూటాలు తెచ్చారు. ఇటు పక్క మూడుకోసారి గట్టిగా కొట్టే మూడు వాళ్లు, అటు పక్క నాలుక్కోసారి కొట్టే నాలుగు వాళ్లు. ఎక్కడ కలుస్తారో మీరే విని చెప్పండి అన్నాను. మొదటిసారి గందరగోళం. రెండోసారి ఇంకా గందరగోళం. మూడోసారి ధన్‌మని కలిసింది, అందరూ ఒక్కసారి అరిచారు. నాలుగూ ఆరూ ఎక్కడ కలుస్తాయంటే ఇరవై నాలుగని ఎగిరారు, కొట్టి చూసుకుని పన్నెండు దగ్గరే కలిసేసరికి నోళ్లు తెరిచారు. ఎందుకు కలిశాయి ముందే? వాళ్లలో వాళ్లే దెబ్బలాడుకుని తేల్చుకున్నారు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. టీచరుగా నా జీవితంలో అంత సేపు నోరు మూసుకున్నది అదే మొదలు.

ఒకటే ఇబ్బంది. మొదలుపెట్టాక ఆగరు. ఆ చప్పుట్లో నా కేక నాకే వినబడదు. మా అమ్మని అడిగితే, "కొట్టేవాళ్లలో పెద్దది దుంగ కొసని గూటం తిప్పి పిడి చివరతో కొడుతుంది. టక్, టక్‌టక్. అది వినబడేదాకా మిన్ను విరిగినా ఎవరూ ఆగకూడదు. ఒకత్తి మధ్యలో ఆగితే బట్ట ఎగుడుదిగుడవుతుంది" అంది. అదే మా క్లాసు కట్టుబాటు చేశాను. టక్, టక్‌టక్ వినబడితే గూటం గాల్లో ఉన్నా గాల్లోనే ఆగాలి. వినబడకపోతే ఆగకూడదు. పిల్లలకి ఆ కట్టుబాటు లెక్క కంటే ఎక్కువ నచ్చింది.

మూడో రోజు తలెత్తి చూద్దును కదా, మూడో తరగతి కిటికీ చువ్వల మధ్య లూపె ముఖం. కళ్లింతవి చేసుకుని చూస్తోంది. నన్నే!

ఆ సాయంత్రం అమ్మమ్మ దుంగ దగ్గర కూర్చుని, "నాకూ నేర్పవా అమ్మా" అంది. దెబ్బలూ నేర్పాను, టక్, టక్‌టక్ కూడా నేర్పాను. అది కొట్టగానే నేను చేయి గాల్లో ఆపి కొయ్యబొమ్మలా ఉండిపోవాలి. పదేపదే ఆపింది, పదేపదే నవ్వింది. "వచ్చే ఏడు నీ క్లాసుకే వస్తా" అంది పడుకునేటప్పుడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అయితే ఆ కిటికీలో లూపె వెనక ఇంకో ముఖం కూడా ఉంది. వదిన. ఆవిడ చూస్తోందని తెలిసి నేను కావాలనే ఇంకా గట్టిగా కొట్టించాను. కుళ్లుకోనీ, ఒక్కసారి ఆవిడని కుళ్లుకోనీ!

నెలాఖరున నుకుఆలోఫా నుంచి విద్యాశాఖ ఆఫీసరమ్మ వస్తోంది. ఊరి వాళ్లందరి ముందూ టీచర్లు ఒక్కో పాఠం చెప్పాలి. నచ్చిన వాళ్లని చుట్టుపక్కల దీవులకి పంపి అక్కడి టీచర్లకి నేర్పిస్తారు. ఆ పని ఎలాగూ వదినదే, నాకు దాని మీద ఆశ లేదు. లూపె ముందు వరసలో కూర్చుని, ఊరందరి మధ్యా నన్ను చూడాలి. ఆ ఒక్కటీ చాలు నాకు.

ఆ పొద్దున నేను దుంగ తుడుస్తుంటే వదిన వచ్చి నిలబడింది. గూటం ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"ఎంత బాగుందే మరదలా, నీ పాఠం!"

ఆ మాట వెనకాల ఏం వస్తుందో నా నడుముకి తెలుసు.

"ఇవాళ ఇది నేను చెప్తాను. నీ పిల్లల్ని నాకివ్వు. నువ్వు నా డాన్సు చెప్పుకో, నీకొచ్చుగా."

"అలాగే వదినా," అన్నాను. నా నోరే అంది. ముఖం మాడ్చుకోలేదు కూడా. "అయితే ఇది వినండి, మూడు వాళ్లు ఇటు, నాలుగు వాళ్లు అటు. కలిసినచోట లెక్క అడగండి. ఆపేటప్పుడు మాత్రం..."

"చాలు చాలు, కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉన్నా. నాకా చెప్తావు!" అని నా భుజం తట్టి వెళ్లిపోయింది.

కిటికీలోంచి దుంగ కొస కనబడదు. ఆపే దెబ్బ అక్కడ పడుతుందని వదినకి తెలియదు.

మధ్యాహ్నానికి పనస చెట్టు కింద ఊరంతా చాపలు పరిచింది. ఆఫీసరమ్మ పూలదండతో కుర్చీలో కూర్చుంది. నా వంతు డాన్సు నేను ముగించాను, ఎలా ముగించానో అడక్కండి. లూపె తన క్లాసు పిల్లలతో ఆడింది గానీ, "ఇదేంటమ్మా, నీ పాఠం ఏదీ?" అన్నట్టు చూస్తూనే ఉంది. తర్వాత వదిన దుంగ ముందు నిలబడింది. మంచి చాప, మంచి పూలు, నడిమి స్థానం. నా పిల్లలు నా వంక చూశారు. కానివ్వండని తలూపాను.

బాగానే మొదలైంది. మూడూ నాలుగూ, ధన్‌! ఊరందరూ ఆహా అన్నారు. ఆఫీసరమ్మ చప్పట్లు కొట్టింది. వదిన చెయ్యెత్తి, "ఆపండి, ఇప్పుడెక్కడ కలిశాం?" అంది.

ఎవరూ ఆగలేదు.

"పిల్లలూ, ఆపండి!"

ధన్‌. వాళ్లు వదిన చెయ్యి చూడ్డం లేదు, చెవులు రిక్కించి దుంగ కొస కోసం వింటున్నారు. మిన్ను విరిగినా ఆగకూడదన్నది వాళ్ల టీచరు. వదిన చప్పట్లు కొట్టింది. దాన్ని చూసి ఇంకా హుషారుగా కొట్టారు. హెడ్‌మాస్టారు లేచి రెండు చేతులూ ఊపారు. కొబ్బరిచెట్టు మీది కాకి లేచిపోయింది. ఆఫీసరమ్మ నవ్వుతూనే చెవుల మీద చేతులు పెట్టుకుంది. చాపల మీద ఆడవాళ్లు ఒకరి వీపులో ఒకరు ముఖాలు దాచుకుని నవ్వుతున్నారు. వదిన ముఖం నుంచి చెమట కారి పూలు వాడిపోయాయి.

ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. నా చాపకీ, నా నడిమి స్థానానికీ, పంది జోకుకీ, అన్నిటికీ కలిపి బాకీ ఒకేసారి తీరుతోంది. నేను చాప మీద మఠం వేసుకుని హాయిగా కూర్చున్నాను.

అప్పుడు లూపెని చూశాను. అది నవ్వడం లేదు. వాళ్ల కలో అత్తని అలా చూడలేక దాని కళ్ల నిండా నీళ్లు. ఆ నీళ్లతోనే నా వంక తిరిగి చేత్తో సైగ చేసింది, టక్, టక్‌టక్.

వదిన కోసం నా కూతురు ఏడుస్తుందా! ఆ మంటతోనే లేచాను. జాలి కాదు, పుణ్యం కాదు, మంటే. దుంగ కొసకి వెళ్లి గూటం తిప్పి పట్టుకుని కొట్టాను.

అన్ని గూటాలూ గాల్లో ఆగిపోయాయి. అంత నిశ్శబ్దంలో సముద్రం వినబడింది. నేను మెల్లిగా అడిగాను, "ఎక్కడ కలిశాం?"

"పన్నెండు!"

"మళ్లీ?"

"ఇరవై నాలుగు! ముప్పై ఆరు!" ఊళ్లో ముసలమ్మలు కూడా చెప్పారు.

లూపె నన్ను చూస్తోంది. ఇన్నాళ్లు నేను కలగన్న చూపే. ఒక్క చుక్క పోకుండా తాగాను దాన్ని.

అందరూ లేచాక ఆఫీసరమ్మ, "ఈ పాఠం ఎవరిది?" అని అడిగింది. ఇచ్చేసింది నాది అనకూడదు. నేను నేల చూశాను.

"దానిదేనండీ. నేను అడిగి తీసుకున్నా," అంది వదిన చెమట తుడుచుకుంటూ. "దీవులకి దాన్నే పంపండి. మరదలా, నువ్వెళ్లు. నేను అడుగుతున్నా."

చివరికి నా గెలుపు కూడా ఆవిడ చేతి మీదుగానే రావాలా! కృతజ్ఞత పొంగాల్సిన చోట ఉక్రోషం పొంగింది. అయినా నోట్లోంచి "అలాగే వదినా" అనే వచ్చింది. అది విని ఆవిడ లూపె భుజం మీద చెయ్యి వేసింది.

"ఆరు నెలలు నువ్వు తిరుగుతూ ఉంటావు. పిల్ల నా దగ్గరుంటుంది."

ఆవిడ నవ్వలేదు.

ఎనిమిదేళ్లు భయపడిన మాట రానే వచ్చింది. మా నాన్న పక్కనే నిలబడి తలూపుతున్నాడు. ఊరంతా వింటోంది. పని ఇప్పించింది మంచితనంతోనా, దీనికోసమా? ఇంటికెళ్లి ఎంత ఆలోచించినా తేలలేదు. ఆవిడకైనా తెలుసో లేదో.

మంగళవారం పడవ. నా మొగుడు సముద్రంలోనే ఉన్నాడు. వదిన లూపె చెయ్యి పట్టుకుని రేవుకి తీసుకొచ్చింది. ఇంకో చేతిలో పిల్ల బట్టల సంచి. అప్పటికే అమ్మ దగ్గర్నుంచి తెచ్చేసుకుంది. లూపె ఏడవలేదు, పెద్దవాళ్లు అడిగి తీసుకున్నారని దానికీ తెలుసు. నేను పడవెక్కాను. ఇంజను మొదలైంది. వెనక తాడు విప్పారు, ముందు తాడు ఇంకా ఉంది.

రేవులో ఖాళీ కిరసనాయిలు పీపా ఒకటి ఉంటుంది. లూపె వదిన చెయ్యి విడిపించుకుని, కింద పడున్న కొబ్బరి మట్ట తీసుకుని దాన్ని కొట్టింది.

టక్. టక్‌టక్.

నా కాళ్లు పడవలో ఉండలేదు. పడవవాడు "ఏయ్ టీచరమ్మా!" అని అరుస్తున్నా, చాప చుట్టుకున్న నడుముతోనే రేవు మీదికి గెంతాను. మోకాలు గీరుకుంది.

"ఏంటే, ఏం మర్చిపోయావు?" అంది వదిన.

"నా కూతుర్ని."

"నేను అడిగాను కదే!"

"అడిగారు వదినా."

"మరి?"

"ఇవ్వను."

మా నాన్న తల దించుకున్నాడు. నా గొంతులోంచి ఆ మాట రావడం నేనూ అప్పుడే మొదటిసారి వినడం. లూపె చెయ్యి పట్టుకున్నాను. "ఏ దీవికెళ్లినా నేను వెళ్లేది బడికే. అక్కడే చదువుకుంటుంది. దాని సంచి ఇవ్వండి."

వదిన వెంటనే ఇవ్వలేదు. సంచిని పొట్టకి అదుముకుని నిలబడింది. నా వంకా, లూపె పట్టుకున్న నా చేతి వంకా చూసింది. ఆ ముఖం నేను బాగా ఎరుగుదును. చిన్నప్పట్నుంచీ, ఆవిడ ఏదో ఒకటి పట్టుకుని మా ఇంట్లోంచి వెళ్లాక, మా అమ్మ అద్దంలో నాకు కనబడ్డ నా ముఖమే.

పడవవాడు మళ్లీ అరిచాడు. వదిన చెయ్యి చాపి సంచి నాకిచ్చింది. పెదవులు బిగుసుకుపోయి, కళ్లు ఎర్రబడి, ఊరందరికీ కనబడేలా ముఖం మాడ్చుకునే ఇచ్చింది. పాపం, ఇచ్చేటప్పుడు ముఖం ఎలా పెట్టుకోవాలో ఆవిడకి ఎవరూ ఎప్పుడూ నేర్పలేదు.